తొమ్మిదేళ్ల బాబుని బడి మాన్పించి చెస్‌లో పెట్టాలా?

ఖమ్మం నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. కాస్త కుదించి రాస్తున్నాను: "మా బాబుకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. ఫిడే రేటింగ్ (ప్రపంచ చెస్ సమాఖ్య ఆటగాడి బలానికి ఇచ్చే నంబర్) 1587. జిల్లా అండర్-9లో ఫస్ట్ వచ్చాడు, స్టేట్‌లో నాలుగో స్థానం. స్కూల్ మాన్పించి ఫుల్‌టైమ్‌లో పెట్టండి, పన్నెండేళ్లకి గ్రాండ్‌మాస్టర్‌ని చేస్తాం అని అకాడమీ వాళ్లు అంటున్నారు. గుకేశ్ కూడా నాలుగో తరగతి తర్వాత బడికి వెళ్లలేదట కదా. ఏం చేయమంటారు? స్టేట్‌లో ఆఖరి రౌండ్‌లో ఓడిపోయిన గేమ్ కూడా పెడుతున్నాను. ఆ రోజు గంటసేపు ఏడ్చాడు, అన్నం తినలేదు."

ముందు జవాబు చెప్పేస్తాను: ఇప్పుడు మాన్పించకండి. స్కూల్ నడవనివ్వండి. రోజుకి గంటన్నర, రెండు గంటల చెస్, ఏడాదికి ఆరేడు మంచి టోర్నీలు చాలు. పన్నెండు, పదమూడేళ్లప్పుడు ఈ ప్రశ్న మళ్లీ వేసుకోండి, అప్పటికి జవాబు మారినా మారవచ్చు. కారణాలు కొంచెం పొడుగ్గానే రాయాలి. ఇదే ప్రశ్నతో నాకు వారానికి ఒక ఫోనైనా వస్తుంది, 2024 డిసెంబర్‌లో గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాక మరీ ఎక్కువైంది.

నా సంగతి రెండు ముక్కల్లో. గుంటూరులో ఇరవై మూడేళ్లుగా పిల్లలకి చెస్ నేర్పుతున్నాను. గ్రాండ్‌మాస్టర్‌ని కాదు, ఇంటర్నేషనల్ మాస్టర్‌ని కూడా కాదు. నేను ఎక్కిన అతి పెద్ద మెట్టు 2087 రేటింగ్, అదీ ఎప్పటి మాటో. కాకపోతే ఏడేళ్లకి నా దగ్గరకొచ్చి, పద్దెనిమిదేళ్లకి వెళ్లిపోయిన పిల్లల్ని చాలామందిని దగ్గర్నుంచి చూశాను. పేపర్లో ఫొటో పడినవాళ్లు అందులో ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్లు ఏమయ్యారో పేపర్లు రాయవు కాబట్టి ఆ సంగతి నాలాంటి వాళ్లే చెప్పాలి.

గుకేశ్ దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే మీకు ఆ పేరు చెప్పే ఆశ పెట్టారు. అతను చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగింటి అబ్బాయి. నాలుగో తరగతి తర్వాత రెగ్యులర్‌గా బడికి వెళ్లలేదన్నది నిజమే. కానీ ఆ వాక్యానికి ముందూ వెనకా ఉన్నవి మీకు ఎవరూ చెప్పి ఉండరు. ఏడేళ్లకి ఆట నేర్చుకున్న ఆ పిల్లవాడు 2015లో, అంటే మీ బాబు వయసులో, ఆసియా స్కూల్స్ చెస్‌లో అండర్-9 ఛాంపియన్. 2018లో అండర్-12 ప్రపంచ ఛాంపియన్. 2019 జనవరిలో పన్నెండేళ్ల ఏడు నెలల పదిహేడు రోజులకి గ్రాండ్‌మాస్టర్. తండ్రి ఈఎన్‌టీ సర్జన్. కొడుకుతో టోర్నీలకి తిరగడం కోసం ప్రాక్టీస్ పక్కన పెట్టేశారు. తల్లి మైక్రోబయాలజిస్ట్, ఆమె జీతం మీద ఇల్లు నడిచింది. అది కూడా చాలక తల్లిదండ్రుల స్నేహితులు డబ్బు సర్దిన రోజులున్నాయి. చదివే స్కూల్ కూడా చెస్ పిల్లలకి సెలవులు, పరీక్షలు సర్దడం అలవాటున్న స్కూల్.

ఇవన్నీ కలిస్తే 'బడి మానేశాడు' అయింది. బడి మానేయడం వల్ల ఛాంపియన్ కాలేదు. ఖండం స్థాయిలో గెలిచాక, ఇక బడికి టైమ్ దొరక్క మానేశాడు. మీ బాబు స్టేట్‌లో నాలుగు. తక్కువ చేసి మాట్లాడటం లేదు, మంచి స్థానమే అది. కానీ ఆ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని బడి గంటలు కోసేసి పూడ్చలేం.

ఇక 1587 సంగతి. ఈ నంబర్ చూసి చాలామంది తల్లిదండ్రులు పొరబడుతున్నారు. 2024 మార్చిలో ఫిడే రేటింగ్ లెక్క మార్చింది. 2000 లోపు ఉన్నవాళ్లందరికీ, 2000కి ఎంత తక్కువ ఉన్నారో అందులో నలభై శాతం ఒక్కసారిగా కలిపేశారు. 1200 ఉన్న పిల్లవాడు రాత్రికి రాత్రి 1520 అయ్యాడు. కనీస రేటింగ్‌ని కూడా 1000 నుంచి 1400కి పెంచారు. అంటే మీ బాబు 1587, పాత లెక్కలో చూస్తే 1310 దగ్గర. 2022లో '1600 కుర్రాడు' అంటే ఉన్న అర్థం ఇప్పుడు లేదు. మా ఊళ్లోనే ఒకాయన మార్చి నెల లిస్టు చూసి స్వీట్లు పంచాడు. కోచ్‌గా నాకూ ఒక లడ్డూ వచ్చింది, ఏం చెప్పాలో తెలియక తినేశాను.

ఇంకొకటి. పద్దెనిమిదేళ్ల లోపు, 2300 లోపు ఉన్న పిల్లలకి రేటింగ్ చాలా ఊగుతుంది. వాళ్లకి వాడే గుణకం 40. సమాన రేటింగ్ ఉన్నవాణ్ని గెలిస్తే ఇరవై పాయింట్లు, ఓడితే ఇరవై. తనకన్నా రెండొందలు తక్కువ ఉన్నవాడి చేతిలో ఓడితే ఒక్క గేమ్‌కే ముప్పై పోతాయి. ఒక టోర్నీలో అలాంటివి మూడు పడితే తొంభై పోయినట్టే. జ్వరంతో ఆడినా పోతాయి, రైల్లో నిద్రలేక ఆడినా పోతాయి. కాబట్టి 1587 ఈ నెలలో 1680 అవ్వచ్చు, వచ్చే నెల 1500 అవ్వచ్చు. దాన్ని చూసి జీవితం నిర్ణయించకూడదు. తొమ్మిదేళ్ల పిల్లాడి రేటింగ్ నిన్నటి వాతావరణ వార్త లాంటిది.

మీరు రాయలేదు కానీ, బాబు ఏ నెలలో పుట్టాడు? వయసు లెక్క జనవరి 1కి కడతారు కాబట్టి జనవరిలో పుట్టినవాడికీ డిసెంబర్‌లో పుట్టినవాడికీ దాదాపు ఏడాది తేడా ఉంటుంది, ఆడేది మాత్రం ఒకే గ్రూపులో. తొమ్మిదేళ్ల దగ్గర ఏడాది అంటే చాలా పెద్దది. డిసెంబర్ పిల్లవాడు స్టేట్‌లో నాలుగో స్థానం వచ్చాడంటే నేను ఇంకాస్త ముందుకు వంగి చూస్తాను. మనవాళ్లు నేషనల్స్‌కి 7, 9, 11, 13 అని బేసి సంఖ్యలు పెట్టడం, ప్రపంచ పోటీలు 8, 10, 12 అని సరి సంఖ్యల్లో ఉండటం గమనించే ఉంటారు. ఈ ఏడు అండర్-9లో గెలిచినవాడు వచ్చే ఏడు ప్రపంచ అండర్-10లో ఆడాలని ఆ ఏర్పాటు.

'పన్నెండేళ్లకి గ్రాండ్‌మాస్టర్' అని హామీ ఇచ్చేవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. ఇది కోపంతో అంటున్న మాట కాదు. పదమూడు నిండకుండా గ్రాండ్‌మాస్టర్ అయినవాళ్లు చెస్ చరిత్ర మొత్తంలో, ప్రపంచం మొత్తంలో, దాదాపు రెండు చేతుల వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. అభిమన్యు మిశ్రా, కర్యాకిన్, గుకేశ్, సిందరోవ్, ప్రజ్ఞానంద అలా. ఆ టైటిల్‌కి 2500 రేటింగ్ చేరాలి, దానితోపాటు మూడు నార్మ్‌లు కావాలి. ఒక్కో నార్మ్ అంటే సాధారణంగా తొమ్మిది రౌండ్ల టోర్నీ మొత్తం 2600 స్థాయిలో ఆడటం, ఎదురు కూర్చున్నవాళ్లలో కనీసం ముగ్గురు గ్రాండ్‌మాస్టర్లు ఉండటం, కొందరు వేరే దేశాల వాళ్లు అయి ఉండటం. అందుకే మనవాళ్లు నార్మ్‌ల కోసం స్పెయిన్, సెర్బియా, హంగేరి తిరుగుతారు. మీ బాబుకి అక్కడికి ఇంకా తొమ్మిదొందల పాయింట్లుంది. పైకి పోయేకొద్దీ ఒక్కో వంద ముందు వందకన్నా కష్టం.

అసలు అంత తొందర దేనికి? రికార్డులకీ ఆ తర్వాతి ఆటకీ మధ్య సంబంధం మనం అనుకున్నంత గట్టిది కాదు. కర్యాకిన్ 2002లో పన్నెండేళ్ల ఏడు నెలలకి గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. పంతొమ్మిదేళ్లు ఆ రికార్డు ఎవరూ దాటలేదు. 2016లో న్యూయార్క్‌లో ప్రపంచ టైటిల్ కోసం కూర్చున్నాడు, పదమూడేళ్లకి గ్రాండ్‌మాస్టర్ అయిన కార్ల్‌సన్ చేతిలో ఓడిపోయాడు. మన పరిమార్జన్ నేగి 2006లో పదమూడేళ్లకే టైటిల్ తెచ్చుకున్నాడు, అప్పటికి ప్రపంచ చరిత్రలో రెండో అతి పిన్న వయస్కుడు. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో చదువుకోవడానికి వెళ్లిపోయాడు. అది ఓటమి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మరోపక్క ఆనంద్ ఉన్నాడు. పద్దెనిమిదేళ్లకి గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, చెన్నై లయోలా కాలేజీలో కామర్స్ చదివాడు, అయిదుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ రోజుల్లో పోటీ వేరు, కంప్యూటర్లు లేవు అంటారు. నిజమే. కానీ ఏ ముంచుకొచ్చే ప్రమాదం కోసం తొమ్మిదేళ్లకి పరుగు మొదలుపెట్టాలో నాకు మాత్రం అర్థం కాదు.

మన వరంగల్ అబ్బాయి అర్జున్ ఎరిగైసి సంగతి ఇంకా బాగా ఉపయోగపడుతుంది మీకు. 2018లో పద్నాలుగేళ్ల పదకొండు నెలలకి గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. ఆ తర్వాత మూడేళ్లపాటు 2500ల్లోనే ఉన్నాడు. మధ్యలో కరోనా. అదే సమయంలో ప్రజ్ఞానంద, నిహాల్ సరీన్ లాంటి కుర్రాళ్ల పేర్లు మారుమోగుతున్నాయి. అర్జున్ గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. 2021 చివర్లో కదలిక మొదలైంది. 2022 జనవరిలో నెదర్లాండ్స్‌లోని వైకాన్‌జీలో టాటా స్టీల్ ఛాలెంజర్స్ టోర్నీ గెలిచాడు, అదే ఏడాది 2700 దాటాడు. 2024లో బుడాపెస్ట్ చెస్ ఒలింపియాడ్‌లో, అంటే దేశాల జట్ల పోటీలో, మూడో బోర్డు మీద పదకొండు గేమ్‌లకి పది పాయింట్లు. ఆ డిసెంబర్ లిస్టులో 2801. ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు మన హనుమకొండ వీధుల్లో ఆడుకున్న కుర్రాడు. ఆ నిశ్శబ్దపు మూడేళ్లలో 'వీడి పనైపోయింది' అని ఇంట్లోవాళ్లు అనుకుని ఉంటే ఏమయ్యేది? మీ బాబు జీవితంలో కూడా అలాంటి మూడేళ్లు వస్తాయి. అవి ఎప్పుడొస్తాయో చెప్పలేం, రావడం మాత్రం ఖాయం.

ఇప్పుడు నా చేతుల్లో జరిగిన ఒక తప్పు. పేరూ ఊరూ చెప్పను. పదమూడేళ్ల కిందటి మాట. తొమ్మిదేళ్ల పిల్లవాడు, స్టేట్ అండర్-9లో రెండో స్థానం, చేతివేగం చూస్తే ముచ్చటేసేది. తండ్రికి చిన్న ఎరువుల షాపు. అయిదో తరగతిలో బడి మాన్పిస్తానన్నాడు. నేను 'వద్దు' అనలేదు. గట్టిగా మాట్లాడితే, నాకూ ఆశ పుట్టింది. నా శిష్యుడు అని చెప్పుకోవచ్చని లోపల ఉంది. రోజుకి ఎనిమిది గంటలు కూర్చోబెట్టాం. మొదటి ఏడాది రేటింగ్ పరుగెత్తింది. పదకొండో ఏట నుంచి ఆగిపోయింది. 1900 దగ్గర మూడేళ్లు, పైకీ కిందకీ. పిల్లవాడు మారిపోయాడు. గేమ్ అయ్యాక నా కళ్లలోకి చూసేవాడు కాదు. ఇరవై ఎత్తులు దాటగానే డ్రా అడిగేవాడు, గెలిచే పొజిషన్‌లో కూడా. ఎందుకురా అంటే "ఓడితే నాన్న భోజనం మానేస్తాడు సార్" అన్నాడు. పద్నాలుగేళ్ల పిల్లవాడికి స్నేహితుడంటూ ఒక్కడు లేడు, ఎందుకంటే స్నేహితులు దొరికేది బడిలో. పదహారుకి ఆట మానేశాడు, ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి కట్టాడు. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు, బాగున్నాడు. పండక్కి ఫోన్ చేస్తాడు, అన్నీ మాట్లాడతాడు, చెస్ తప్ప. ఆ తప్పులో సగం వాటా నాది.

అందుకే చెప్తున్నాను, ఎనిమిది గంటలు కూర్చోవడం వేరు, ఎనిమిది గంటలు ఆలోచించడం వేరు. తొమ్మిదేళ్ల పిల్లాడికి గట్టి ఏకాగ్రతతో పని చేసే శక్తి రోజుకి రెండు గంటలకి మించి ఉండదు, నా అనుభవంలో. బడి మాన్పిస్తే మిగిలే గంటల్లో ఏం చేస్తాడు? ఫోన్లో మూడు నిమిషాల బ్లిట్జ్ ఆడతాడు. దాన్ని ప్రాక్టీస్ అనుకుంటారు. అది చెస్‌కి చిరుతిండి.

మరి వీడిలో సరుకుందో లేదో ఎలా తెలుస్తుంది? నేను రేటింగ్ చూడను, కప్పులు చూడను. ఓడిన మర్నాడు ఏం చేస్తాడో చూస్తాను.

ఏడవడం మంచిదే. మీ బాబు గంటసేపు ఏడ్చాడంటే వాడికి ఆట లెక్కే అని. ఆ గంట తర్వాత ఏం చేశాడన్నది మీరు రాయలేదు. నా దగ్గరకి ఒక పాప వచ్చేది. స్టేట్‌లో పదకొండో స్థానం, మా అకాడమీలో ఆ ఏడు పదకొండో స్థానాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆమె దగ్గర ఒక రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఉండేది, అట్టకి బ్రౌన్ పేపర్ వేసి. ఓడిన గేమ్‌లు మాత్రమే రాసేది అందులో. ఎడమవైపు ఎత్తులు నీలం పెన్నుతో, కుడివైపు ఎర్ర పెన్నుతో తన మాటలు. "23 - ఇక్కడ వాడి గుర్రం చూడలేదు." "31 - టైమ్ ఉంది, అయినా తొందరపడ్డా. బాత్‌రూమ్ వచ్చింది." ఎవరూ రాయమనలేదు. ఆ బాత్‌రూమ్ మాట చదివిన రోజు అనుకున్నాను, ఈ పిల్ల వెళ్తుంది అని. తనకి తాను అబద్ధం చెప్పుకోవడం లేదు కదా. 2200 దాటింది, స్పోర్ట్స్ కోటాలో ఇంజనీరింగ్ సీటు తెచ్చుకుంది, ఇప్పటికీ ఆడుతోంది. గ్రాండ్‌మాస్టర్ కాలేదు. ఆమె చెస్ జీవితం నా లెక్కలో ఒక విజయమే.

కాబట్టి ఈ ఆరు నెలలు ఒక పని చేయండి. ఓడిన గేమ్‌ని వాడే బోర్డు మీద పెట్టి చూస్తాడా, చెప్తే చూస్తాడా, చెప్పినా చూడడా, గమనించండి. తిట్టకుండా, కదిపించకుండా ఊరికే గమనించండి. వాడే పెడుతున్నాడంటే మీరు భయపడాల్సిన పని లేదు, బడిలో ఉన్నా పైకి వస్తాడు.

ఇంజిన్, అంటే ఎత్తులు లెక్కగట్టే చెస్ ప్రోగ్రామ్ గురించి ఒక్క మాట. ఓడగానే ఫోన్లో స్టాక్‌ఫిష్ పెట్టి "ఇదిగో 27వ ఎత్తులో తప్పు చేశావు" అని తండ్రులే చెప్పేస్తుంటారు. దానివల్ల పిల్లవాడు ఆలోచించాల్సిన పని యంత్రం చేసేస్తుంది. గుకేశ్‌కి నేర్పిన విష్ణు ప్రసన్న అతన్ని 2500 దగ్గరికి చేరేదాకా ఇంజిన్‌కి దూరంగా ఉంచారు. ఈ కాలంలో అంత పట్టుదల అందరికీ కుదరదనుకోండి. కనీసం ఈ నియమం పెట్టండి: ముందు వాడి అభిప్రాయం కాగితం మీద, తర్వాతే ఇంజిన్.

డబ్బు. దీని గురించి ఎవరూ సూటిగా మాట్లాడరు. గ్రూప్ క్లాసులు ఖర్చే కాదు. అసలు ఖర్చు తిరగడంలో ఉంది. పిల్లవాడు ఒక్కడే వెళ్లలేడు, అంటే ప్రతి టోర్నీకి రెండు టికెట్లు, వారం రోజుల రూమ్, మీ సెలవులు. నా శిష్యుడి తండ్రి ఒకాయన ప్రతి రూపాయీ డైరీలో రాసేవాడు. దేశం దాటకుండానే ఒక ఏడాదికి నాలుగు లక్షలు దాటింది, అదీ ఎనిమిదేళ్ల కిందట. దానికి గంటకి ఇంత అని వసూలు చేసే ఫారిన్ ఆన్‌లైన్ కోచ్‌ని కలిపితే లెక్క మీరే వేసుకోండి. 1600 లోపు పిల్లవాడికి ఆ కోచ్ అవసరం లేదు. మీ ఊళ్లో ఓపిగ్గా ఎండ్‌గేమ్ (కొన్ని పావులే మిగిలాక ఆడే ఆట) నేర్పేవాడు ఒకడు చాలు. అర్జున్ కూడా మొదటి పాఠాలు హనుమకొండలోనే నేర్చుకున్నాడు.

అన్నట్టు, ఇది చదువుతున్న ఆడపిల్లల తల్లిదండ్రుల కోసం. మన తెలుగు నేల మీద ఆడపిల్లల చెస్‌కి పెద్ద చరిత్రే ఉంది. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ల ఒక నెలకి గ్రాండ్‌మాస్టర్ అయింది, మహిళల్లో అప్పటిదాకా జుడిత్ పోల్గార్ పేరున ఉన్న రికార్డు దాటింది. తండ్రి అశోక్ గారు ఉద్యోగం వదిలి నేర్పారు. ఆమె చిన్నప్పుడు అమ్మాయిల గ్రూపులో ఆగిపోలేదు. 1999లో అహ్మదాబాద్‌లో జరిగిన ఆసియా పోటీల్లో అబ్బాయిలతో ఆడి అండర్-12 గెలిచింది. పాప పుట్టాక తిరిగొచ్చి 2019లో ఒకసారి, 2024లో ఇంకోసారి ప్రపంచ మహిళల ర్యాపిడ్ (తక్కువ టైమ్‌తో ఆడే ఆట) ఛాంపియన్ అయింది, రెండోసారి ముప్పై ఏడేళ్ల వయసులో. మా గుంటూరు హారిక 2022 మామల్లపురం ఒలింపియాడ్‌లో తొమ్మిదో నెల గర్భంతో ఆడి పతకం తెచ్చింది. ఈ మధ్య నాగ్‌పూర్ అమ్మాయి దివ్య దేశ్‌ముఖ్ 2025 జూలైలో జార్జియాలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్ గెలిచింది, ఫైనల్లో ఎదురు కూర్చున్నది హంపియే. ఆ గెలుపుతో నార్మ్‌ల అవసరం లేకుండా నేరుగా గ్రాండ్‌మాస్టర్ అయింది. ఒక్కటే మనవి, మీ పాపని అమ్మాయిల టోర్నీలకే పరిమితం చేయకండి. ఓపెన్‌లో ఆడించండి, ఓడనివ్వండి.

పదమూడేళ్లప్పుడు ఏం చూసి నిర్ణయించాలి? నా అంచనా ఇది, ఇంకో కోచ్ ఇంకోలా చెప్పొచ్చు. అప్పటికి 2200 దాటి ఉండాలి, తన వయసు గ్రూపులో నేషనల్స్‌లో పైన ఉండాలి. మూడేళ్లు ఒక్క రూపాయి తిరిగి రాకపోయినా ఇల్లు నడవాలి. స్కూల్ హాజరు విషయంలో సర్దుకుంటానని ముందే మాటివ్వాలి. అన్నిటికన్నా ముందు, బడి తగ్గిద్దాం అని అడిగేది పిల్లవాడు అయి ఉండాలి, మీరు కాదు, కోచ్ అసలే కాదు. ఇవన్నీ ఉన్నప్పుడు కూడా నేను పూర్తిగా మానేయమనను. హాజరు తగ్గించి పరీక్షలు రాయించమంటాను. ఇప్పటికిప్పుడు మీ బాబుకి వీటిలో ఏదీ లేదు, ఉండాల్సిన వయసూ కాదు.

ఈలోగా మీరు చేయాల్సింది మీ వైపే ఎక్కువ ఉంది. టోర్నీ హాల్ కిటికీ దగ్గర నిలబడి లోపలికి చూసే తండ్రుల్లో మీరూ ఉంటే, దయచేసి ఇక నిలబడకండి. పిల్లలు ఎత్తు వేసి కిటికీ వైపు చూస్తారు. అక్కడ మీ ముఖంలో ఏముందో చదువుతారు. ఒకసారి విజయవాడలో స్కూటర్ స్టాండ్ దగ్గర చూశాను, ఓడి బయటికొచ్చిన పిల్లాణ్ని తండ్రి ఏమీ అనలేదు, ఊరికే హెల్మెట్ పెట్టుకుని బండి స్టార్ట్ చేశాడు. వాడు వెనక ఎక్కి, రెండు చేతులూ వెనక్కి పెట్టి స్టెప్నీ పట్టుకుని కూర్చున్నాడు. నాన్నని పట్టుకోలేదు. కొట్టి ఉన్నా అంత బాధేసేది కాదు. ఓడిన రోజు ముందు తిండి, తర్వాత నిద్ర. గేమ్ గురించి మాట మర్నాడే.

చివరగా మీరు పెట్టిన గేమ్. ఆడి చూశాను. నల్ల పావులతో ముప్పై ఎనిమిది ఎత్తుల దాకా చాలా చక్కగా ఆడాడు, ముఖ్యంగా ఇరవై రెండో ఎత్తులో గుర్రాన్ని వెనక్కి లాగడం. ఆ వయసులో పావుని వెనక్కి జరపాలని తోచడమే అరుదు. ఒక బంటు తక్కువైనా రూక్‌లు (ఏనుగులు) ఉన్నంతసేపు గేమ్ డ్రానే. నలభై ఒకటో ఎత్తులో రూక్‌లు మార్చేశాడు. రాజూ బంట్లూ మిగిలాయి, అక్కడితో అయిపోయింది.

ఇది చిన్నపిల్లల తప్పని అనుకోకండి. 2024 డిసెంబర్ 12, సింగపూర్. ప్రపంచ ఛాంపియన్‌షిప్ పద్నాలుగో గేమ్, స్కోరు ఆరున్నర - ఆరున్నర. తెల్ల పావులతో డింగ్ లిరెన్‌కి ఒక బంటు తక్కువ, కానీ రూక్, బిషప్ ఉన్నాయి, అందరూ డ్రా అనుకుంటున్నారు. యాభై అయిదో ఎత్తులో రూక్‌ని f2 గడిలో పెట్టాడు. గుకేశ్ రూక్‌లు మార్చాడు, వెంటనే బిషప్‌లు కూడా మార్చక తప్పని పరిస్థితి తెచ్చాడు. మిగిలింది రాజు, రెండు బంట్లు ఒకవైపు, రాజు, ఒక బంటు ఇంకోవైపు. మూడు ఎత్తుల తర్వాత డింగ్ చేతులెత్తేశాడు. మీ బాబుది కూడా అదే జబ్బు: మార్చాక మిగిలే బంట్ల ఆటని లెక్కపెట్టకుండా పావులు మార్చడం. ఆ గేమ్ వీడియో వాడికి చూపించండి, వాడి ఏడుపు కాస్త తగ్గుతుంది.

తర్వాత బోర్డు తీసి మూడే పావులు పెట్టండి. తెల్ల రాజు e5 గడిలో, తెల్ల బంటు e4లో, నల్ల రాజు e7లో. ఎత్తు నలుపుదైతే తెలుపు గెలుస్తుంది, ఎత్తు తెలుపుదైతే డ్రా. పావులన్నీ అక్కడే ఉన్నాయి, ఎవరి వంతు అన్నది తప్ప తేడా లేదు. ఎందుకలా అవుతుందో వాడితో చెప్పించండి. మీకు తెలిసినా చెప్పకండి, ఫోన్ తీయకండి. వాడికి రెండు రోజులు పట్టినా ఫరవాలేదు. ఏం చెప్పాడో ఇక్కడ రాయండి, తర్వాత ఏం పెట్టాలో చెప్తాను.